కింది వాక్యాలను సరిచేయండి

డాక్టరమ్మ మా పాప వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది. విన్నాక చెవుల్లోంచి గొట్టాలు తీసి మెడలో వేసుకుని, "నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగింది. అచ్చాఫీసులో బైండింగు పని అన్నాను.

"మరి పిల్ల ఎక్కడుంటుంది?"

"అక్కడేనండి. మా బల్ల కింద."

ఆవిడ చీటీ మీద మందు పేరు రాస్తూ రాస్తూ ఆగింది. "కాగితం పొట్టు దీని ఛాతీకి పడట్లేదు. ముందు ఆ గదిలోంచి పిల్లని తీసెయ్. ఆ దుమ్ములో ఉన్నన్నాళ్లూ నేను ఎన్ని మందులు మార్చినా ఒకటే," అంది.

తీసెయ్ అనడం ఎంతసేపు! తీసి ఎక్కడ పెట్టాలి? మా ఆయన లారీ నడుపుతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఆయన కాపురం ఎక్కువ. ఇన్నాళ్లూ పిల్లని చూసిన పక్కింటి పిన్నిగారు ఇల్లు మారిపోయింది. చిన్నపిల్లల బడి మధ్యాహ్నానికే వదిలేస్తారు, నా పని చీకటి పడితేగానీ తెమలదు. అందుకని పొద్దున్నే నాతోపాటు తీసుకెళ్లి, మడత పెట్టిన కాగితాల కట్టల మధ్య చిన్న దుప్పటి పరిచి కూర్చోబెట్టేదాన్ని. కత్తిరింపు ముక్కలతో తన పాటికి తను ఆడుకునేది. బైండింగు వాళ్లు ముద్దుగా "ఎలుకపిల్ల" అని పేరు పెట్టారు. కత్తిరించే మిషన్ ఆడినప్పుడల్లా తెల్లటి పొట్టు లేచి, వెలుతురులో పొగమంచులా తేలుతూ ఉండేది. దాన్ని పట్టుకోవాలని పిల్ల చేతులు చాచేది. అందులో విషం ఉందని నాకేం తెలుసు?

ఆ సాయంత్రమే మా ఆయన వాళ్లక్కకి ఫోను చేశాడు. వదిన వాళ్లది చిన్న ఊరు, ఇంటి చుట్టూ తోటలు. కొడుకులిద్దరూ పెద్దవాళ్లయ్యారు. విషయం వినగానే ఆవిడ మారుమాట లేకుండా, "నా దగ్గరికి పంపించండిరా, ఇందులో అడిగేదేముంది? గాలి మారితే ఆయాసం అదే పోతుంది. బళ్లో కూడా ఇక్కడే వేద్దాం. నాలుగేళ్లు పోయాక దిట్టంగా చేసి మీకు అప్పజెబుతాను," అంది.

నాలుగేళ్లు అని ఎంత తేలిగ్గా అన్నదో! నేను ఫోను లాక్కుని, "నెలాఖరు దాకా ఆగు వదినా. ఇక్కడ పైగదిలో ఒక పని ఖాళీ అయ్యేలా ఉంది. అక్కడ దుమ్ము ఉండదు," అన్నాను.

"సరేలే అమ్మాయ్, తల్లివి, నీ ఇష్టం. నెలాఖరుకి మాత్రం నేనే వస్తాను. నీకు పని దొరికితే చూసి పోతాను, దొరక్కపోతే పిల్లని తీసుకుపోతాను," అంది వదిన. కోపంగా అనలేదు. ఆవిడ మంచిది. నా భయం కూడా అదే. మంచివాళ్ల దగ్గర పిల్లలు తొందరగా మాలిమి అయిపోతారు.

పైగది అంటే ప్రూఫు గది. మా బైండింగు గదికి సరిగ్గా పైన ఉంటుంది. రెండు అద్దాల కిటికీలు, నున్నటి గచ్చు, ఒక పెద్ద బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ప్రూఫు మాస్టారు కూర్చుంటారు. రెండో కుర్చీలో కాపీ చదివే మనిషి కూర్చుంటుంది. రచయిత చేత్తో రాసి పంపిన కాగితాలు చూసి ఆ మనిషి గట్టిగా చదువుతుంటే, మాస్టారు అచ్చయిన ప్రూఫు మీద కన్ను పెట్టి, తేడా వచ్చిన చోటల్లా ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడతారు. ఆ పనిలో ఉన్న పిల్ల కాలేజీలో సీటొచ్చి మానేసింది. ఆ కుర్చీ కోసమే నేను మేనేజరు గారి ముందు నిలబడ్డాను.

"ఇంగ్లీషు వచ్చా?" అన్నాడాయన.

"చదవడం వచ్చండి."

"ఎంతవరకు చదివావు?"

"ఎనిమిది. పరీక్షలు మాత్రం రాయలేదండి. మా అమ్మకి కాలూ చెయ్యీ పడిపోతే బడి మాన్పించారు."

ఆయన పెదవి విరిచాడు. "వచ్చేది స్కూలు పిల్లల ఇంగ్లీషు గ్రామరు. మాస్టారు సరేనంటే ఆ ఒక్క పుస్తకానికీ కూర్చో. తప్పుల్లేకుండా బయటికొస్తే కుర్చీ నీదే. మరి పాప అక్కడ అల్లరి చేస్తే?"

"చెయ్యడానికి ఊపిరి ఉండాలి కదండీ," అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

ప్రూఫు మాస్టారికి తల ముగ్గుబుట్టలా నెరిసింది. కళ్లద్దాలు సోడాబుడ్డి అడుగంత మందం. వాటిని చొక్కా కొసతో తుడవడం, మళ్లీ పెట్టుకోవడం, మళ్లీ తుడవడం. నేను చెప్పిందంతా విని, "దీనికంత కంగారెందుకమ్మాయ్? కాపీ చదవడానికి అర్థం తెలియక్కర్లేదు. కళ్లకి కనపడింది నోటితో అనెయ్యి. చిలక చాలు ఈ పనికి," అన్నారు.

నాకు ధైర్యం చాల్లేదు. అర్థం తెలియకుండా చదివితే ఎక్కడో ఒకచోట నాలుక మడత పడుతుందని, ఆ ఒక్క మాటతో పిల్ల నాకు కాకుండా పోతుందని ఒకటే గుబులు. "నాకు గ్రామరు చెప్పండి మాస్టారూ. పుస్తకం వచ్చేలోపు ఎంత వస్తే అంత," అని బతిమాలాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నేళ్లుగానో ఆ మాట ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నట్టున్నారు.

మధ్యాహ్నం అన్నాల వేళ, పని దిగాక ఇంకాసేపు, పాఠం నడిచేది. ఆయన మొదట ఎత్తుకున్నది కర్తకీ క్రియకీ పొత్తు కుదర్చడం.

"అమ్మాయి వచ్చాడు అంటావా?" అని అడిగారు.

"ఛ, అదేం మాట? వచ్చింది అంటాను."

"వాళ్లు వచ్చింది అంటావా?"

"అనను. వచ్చారు అంటాను."

"ఎవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు. అదే వచ్చింది."

"చూశావా, గ్రామరంతా నీ నోట్లోనే ఉంది. మన భాషకి దయ ఎక్కువ. నేను, నువ్వు, ఆమె, వాళ్లు, ఎవరి తోక వాళ్లకి ఇస్తుంది. ఇంగ్లీషు పిసినారిది. ఉన్నది ఒకే ఒక్క ఎస్సు. దాన్ని నాకివ్వదు, నీకివ్వదు, నలుగురు కలిసి వస్తే వాళ్లకీ ఇవ్వదు. ఎక్కడో దూరంగా ఒక్కడు పని చేస్తుంటే వాడికిస్తుంది. హి వర్క్స్. వాళ్లు చాలామంది ఉంటే దే వర్క్. ఎస్సు లేదు."

"నలుగురికి ఎస్సు ఉండి, ఒక్కడికి లేకపోతే కదా న్యాయం? ఒక కుక్క డాగ్, నాలుగు కుక్కలు డాగ్స్ అన్నారు మరి?"

"ఆ ఎస్సు వేరు, ఈ ఎస్సు వేరు. కుక్కలు ఎక్కువైతే ఎస్సు కుక్కల దగ్గరుంటుంది. కుక్క ఒక్కటే అయితే అది లేచి మొరుగుడు దగ్గరికి పోతుంది. ఒకే ఇంట్లో ఒకే దుప్పటి అనుకో. ఇటు కప్పుకుంటే అటు చలి."

నవ్వొచ్చింది గానీ బుర్రకెక్కింది. ఆ తరవాత ఆయన పాత ప్రూఫుల వెనక వైపు రోజూ కొన్ని తప్పు వాక్యాలు రాసేవారు. పైన "కింది వాక్యాలను సరిచేయండి" అని తలకట్టు, దాని కింద గీత. నేను తలకట్టుతో మొదలుపెట్టి, ఒక్కో తప్పు వాక్యాన్నీ కళ్లతో చూసి, ఒప్పు వాక్యాన్ని గట్టిగా చెప్పాలి. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఒప్పయితే "ఊ". తప్పయితే "ఊహూ".

మూల చాప మీద కూర్చుని పాప కూడా వినేది. మాస్టారు మధ్యమధ్యలో, "ఎలుకమ్మ గారూ, డాగ్ ఏం చేస్తుంది?" అని అడిగితే, "బార్క్స్!" అని అరిచేది. ఎస్సు దగ్గర దగ్గు తగులుకునేది. పక్కటెముకలు లోపలికి పోయేవి. పీల్చే మందు నోటికి పెట్టి, వీపు నిమురుతూ, అది తేరుకునేదాకా నేను ఊపిరి బిగబట్టుకునేదాన్ని. అది తేరుకున్నాక ఎందుకో నాకే ఆయాసం వచ్చేది.

కింద మా వాళ్లు ఊరుకుంటారా? కుట్టు పని చేసే పెద్దక్క దారం పళ్లతో తెంపుతూ, "ఏమ్మా దొరసాని, ఇంక మాతో ఇంగ్లీషులోనే మాట్లాడతావా?" అనేది.

"దొరసానికి చారెడు జిగురు కావాలట, ఇవ్వక్కా," అని ఇంకో ఆవిడ అందుకునేది. ఆ ఎగతాళిలో చేదు లేదు. నేను పాఠానికి వెళ్లిన రోజుల్లో నా వంతు మడతలు పెద్దక్కే పూర్తి చేసి పెట్టేది.

పుస్తకం రాతప్రతి వచ్చింది. రాసింది ఒక హెడ్మాస్టరు గారు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. నేను పైన కుర్చీలో కూర్చున్నాను. మొదటిరోజు తడబడ్డాను. "ఫుల్‌స్టాప్" అని గట్టిగా అనాల్సినచోట మరిచిపోయి, మాస్టారు "ఆ వాక్యం ఇంకా నడుస్తూనే ఉందా, ఎక్కడైనా ఆగిందా?" అని అడిగితే గానీ అనేదాన్ని కాదు. పోనుపోను కుదురుకున్నాను. నామవాచకాలు అయిపోయాయి. సర్వనామాలు అయిపోయాయి. పాప మూలన బొమ్మలు గీసుకునేది. పై గదిలో వారం గడిచేసరికి పిల్ల దగ్గు తగ్గింది. మందు పీల్చాల్సిన పని కూడా తగ్గింది. ఒకరోజు మెట్లన్నీ తనే ఎక్కింది. మధ్యలో ఆగలేదు. పైమెట్టు మీద నిలబడి, "నేనే గెలిచా," అంది. నేను కింద మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఆ సాయంత్రం వదినకి ఫోను చేసి, "నువ్వు వస్తే ఊరికే చూసి పోవడానికే రావాలి వదినా," అన్నాను. "అంతకంటేనా అమ్మాయ్!" అంది ఆవిడ. గొంతులో చిన్న వెలితి వినపడింది. అప్పటికే పిల్ల కోసం చిన్న మంచం కొన్నదని తరవాత తెలిసింది.

కర్తా క్రియా పాఠం పుస్తకం చివరి భాగంలో వచ్చింది. బళ్లు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. మేనేజరు గారు గుమ్మంలో నిలబడి, "ఇవాళ్టికి ఇది అయిపోతేనే రేపు మిషన్ ఎక్కుతుంది. హెడ్మాస్టరు గారికి మళ్లీ చూపించే వ్యవధి లేదు," అని తొందర పెట్టి వెళ్లాడు. పాఠం చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ప్రతి నియమం తెలిసిందే. పరాయి ఊళ్లో సొంతవాళ్లు కనపడ్డట్టుంది. నియమాలు అయిపోయి అభ్యాసాలు వచ్చాయి.

"కింది వాక్యాలను సరిచేయండి," అని చదివాను. కింద గీత.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

కాగితం మీద "హి గో టు స్కూల్" అని ఉంది. "హి గోస్ టు స్కూల్, ఫుల్‌స్టాప్," అన్నాను.

"ఊ," అన్నారు మాస్టారు. అద్దాలు పెట్టుకుని, ప్రూఫు మీద వంగి, ఎర్ర పెన్సిలుతో ఎస్సు చేర్చారు.

"ద డాగ్స్ బార్క్, ఫుల్‌స్టాప్."

"ఊ." ఎస్సు కొట్టేశారు.

"మై మదర్ కుక్స్, ఫుల్‌స్టాప్."

"ఊ."

మాకిద్దరికీ ఏమీ తేడాగా అనిపించలేదు. అవే కుర్చీలు, అదే తలకట్టు, అదే "ఊ". రోజూ మేము చేసిందే చేశాం. ఒక్క వాక్యం కూడా వదల్లేదు. అభ్యాసాలన్నీ అయ్యేసరికి ప్రూఫు కాగితం ఎర్రబడిపోయింది. "కంపోజు చేసినవాడు మరీ అధ్వాన్నంగా చేశాడమ్మాయ్, వాక్యానికో తప్పు," అని మాస్టారు విసుక్కున్నారు కూడా. నాకు లోపల గర్వంగా ఉంది. పాపని ఎత్తుకుని దింపకుండా ఇంటిదాకా నడిచాను.

పుస్తకం అచ్చయింది. కుట్టారు, అట్టలు వేశారు. మొదటి ప్రతులు అందుకున్న హెడ్మాస్టరు గారు మర్నాడే వచ్చారు. కోపంతో వచ్చిన మనిషే గానీ, మేనేజరు గదిలో పుస్తకం తెరిచి చూపించేసరికి ఆయనకే నవ్వాగలేదు. "అయ్యా, నేను పిల్లలు దిద్దాలని తప్పు వాక్యాలు ఇచ్చాను. మీవాళ్లు అన్నీ దిద్ది పెట్టారు! ఇంక పిల్లలు దిద్దడానికి నా నెత్తి మిగిలింది."

గుమాస్తా నవ్వాడు. మిషన్ నడిపే అతను నవ్వాడు. నన్నూ మాస్టారినీ పిలిచారు. నేను పుస్తకం తీసుకుని ఆ పేజీ పైనుంచి కిందికి చదివాను. ఒక్క తప్పూ కనపడలేదు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదండీ?" అన్నాను.

మళ్లీ నవ్వారు.

"పైన సరిచేయండి అని రాసి ఉంది కదండీ," అన్నాను. అప్పుడు అర్థమైంది. అర్థమైనప్పుడు నవ్వేవాళ్లలో ఎవరి మొహం చూడాలో తెలియలేదు. గోడ మీది గడియారం చూస్తూ నిలబడ్డాను.

మాస్టారు, "ఆ పిల్లది కాదు తప్పు. ఊ కొట్టింది నేను. తలకట్టు చదివినప్పుడు అద్దాలు తుడుచుకుంటూ పాఠం ధ్యాసలో పడిపోయాను," అన్నారు.

మేనేజరు గారు చెడ్డవాడేమీ కాదు. కేకలు వెయ్యలేదు. "మీకు నేను చెప్పేవాణ్ని కాదు మాస్టారూ. కానీ ఈ కుర్చీలో ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి కావాలి. ఈ అమ్మాయికి గ్రామరు రాకపోయుంటే బాగుండేది," అన్నాడు. నా వైపు తిరిగి, "రేపట్నుంచి కిందే చూసుకో అమ్మా," అన్నాడు.

"పుస్తకం ఇంకోటి ఇచ్చి చూడండి సార్. ఈసారి చిలకలా చదువుతాను. పిల్లకి ఇక్కడ..."

"మాటంటే మాట తల్లీ. పాత అమ్మాయి చెల్లెలికి చెప్పేశాను," అన్నాడాయన, కాగితాలకేసి చూస్తూ.

ఆ అభ్యాసాల పేజీలున్న ఒక్క ఫారం మళ్లీ అచ్చు వేశారు. కుట్టిన పుస్తకాలన్నిటి అట్టలూ ఊడదీసి, నేను సరిచేసిన కాగితాలు తీసేసి, తప్పులున్న కాగితాలు పెట్టి మళ్లీ కుట్టాలి. ఆ పని బైండింగు వాళ్లది. అంటే నాది కూడా. పాపని ఆ కాసిని రోజులు మాస్టారు పైనే ఉంచుకున్నారు. నేను కింద కూర్చుని దారాలు తెంపుతుంటే గది నిండా పొట్టు లేచింది. పెద్దక్క ఎదురుగా కూర్చుంది. "బాగానే చదువుకున్నావు తల్లీ, మా అందరికీ చేతి నిండా పని కల్పించావు," అంది. నేను తల ఎత్తకపోయేసరికి గొంతు తగ్గించి, "ఇటివ్వవే, ఆ కట్ట నేను చేస్తాను. నువ్వు పోయి పిల్ల దగ్గర కూర్చో. ఇంకెన్ని రోజులు కూర్చుంటావు?" అంది.

వదిన అన్నమాట ప్రకారం వచ్చింది. వచ్చీ రాగానే నా మొహం చూసి విషయం అర్థం చేసుకుంది. పిల్ల బట్టలు తనే మడతపెట్టింది. నేను పీల్చే మందు ఎలా పట్టాలో చూపించాను, మళ్లీ చూపించాను. "ఎడమవైపు తిప్పి పడుకోబెట్టు వదినా. వెల్లకిలా పడుకుంటే గురక వస్తుంది. పాలు మరీ వేడిగా ఇవ్వకు. అది అబద్ధం చెబితే ముక్కు గీరుకుంటుంది, అప్పుడు కొట్టకు..."

"నేను ఇద్దర్ని పెంచానే అమ్మాయ్," అంది వదిన నెమ్మదిగా.

"అవును వదినా. నువ్వు పెంచావు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాప, "అమ్మా, నువ్వు ఈ సీటులో కూర్చో, నేను అత్త ఒళ్లో కూర్చుంటా," అంది. బస్సు కదిలేదాకా నా కోసం ఆ సీటు పట్టి ఉంచింది. అరచెయ్యి సీటు మీద గట్టిగా ఆనించి, ఎవరో ఒకావిడ కూర్చోబోతే, "మా అమ్మ వస్తుంది," అంది. వదిన నన్ను చూసి మొహం తిప్పుకుంది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

పై గదిలోంచి ఇప్పుడు కొత్త అమ్మాయి గొంతు వినపడుతుంది. మాస్టారు మెట్ల దగ్గర ఎదురైతే, "కబురేమైనా ఉందా?" అని అడుగుతారు. "ఉందండీ, బాగుంది," అంటాను. మళ్లీ పాఠానికి రమ్మని ఆయనా అడగలేదు, నేనూ వెళ్లలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నం వేళ వదినకి ఫోను చేశాను. పిల్ల ఇప్పుడే నిద్రపోయిందట, పొద్దున్నంతా తోటలో పరుగులేనట. పరుగులా అన్నాను. అవునే, పట్టుకోలేకపోతున్నాం అంది.

"వదినా, ఫోను ఒకసారి దాని దగ్గర పెట్టవా? లేపొద్దు. ఊరికే."

వదిన చెప్పులు విప్పి నడిచిన చప్పుడైంది. తరవాత ఏమీ లేదు. నేను రెండో చెవి వేలితో మూసుకుని విన్నాను. నాకు తెలిసిన, దాని ఛాతీలోంచి వచ్చే ఆ పిల్లనగోవి కూత కోసం, రాత్రిళ్లు నన్ను కూర్చోబెట్టిన ఆ చప్పుడు కోసం విన్నాను. ఎక్కడా లేదు. ఎక్కడో కాకి అరిచింది, ఫ్యాను తిరుగుతోంది. పిల్ల ఊపిరి అసలు వినపడటమే లేదు.

"విన్నావా?" అంది వదిన గుసగుసగా.

"విన్నాను వదినా," అన్నాను. "ఇంకొంచెంసేపు ఉంచు."